మాత్ర అందుకునే చేతులే ప్రార్థనకూ జోడిస్తాం: చిత్తూరు, తిరుపతి జిల్లాల కాపరులకు బహిరంగ లేఖ

చిత్తూరు, తిరుపతి జిల్లాల సంఘ కాపరులకు, సంఘ పెద్దలకు, స్వస్థత కూటాలు నడిపే దైవసేవకులకు,

ప్రభువు పేరిట వందనాలు.

నేను చిత్తూరులో పుట్టి పెరిగినదాన్ని. 31 ఏళ్లు ప్రభుత్వ ఆస్పత్రి వార్డుల్లో స్టాఫ్ నర్సుగా పనిచేసి రిటైరయ్యాను. అమ్మ చంకలో ఉన్నప్పటి నుంచి చర్చికి పోతున్నాను. 20 ఏళ్లు సండే స్కూల్లో పిల్లలకు పాఠం చెప్పాను. బయటనుంచి రాయి వేసే మనిషిని కానని మీకు తెలియాలని ఇంతమాత్రం చెబుతున్నాను.

స్వస్థత కూటాల్లో రోగులచేత మందులు మాన్పించొద్దని ముందు నోటితోనే చెప్పాను. తర్వాత రెండు ఉత్తరాలు రాశాను. మొదటిది మా సంఘ పెద్దల చేతికిచ్చాను. "ప్రార్థనలో పెడతాం మా" అన్నారు. నాలుగు నెలలు చూశాను. రెండోది స్త్రీల కూటంలోని 14 మంది సంతకాలతో ఆ స్వస్థత కూటం నడిపినవాళ్లకు రిజిస్టరు పోస్టులో పంపాను. అందినట్టు కార్డు తిరిగొచ్చింది, జవాబు రాలేదు. సంతకం చేసినవాళ్లలో ఒకామె పోయి అడిగితే, అభిషిక్తులైన సేవకుల మీద మాట్లాడితే ఇంటికి కీడు వస్తుందని చెప్పి పంపారట. ఆమె భయపడి నా దగ్గరికొచ్చి సంతకం కొట్టేయమంది. అందుకే ఇప్పుడు నలుగురిలో పెడుతున్నాను. ఏ సంఘం పేరూ, ఏ సేవకుడి పేరూ ఇందులో రాయలేదు. ఒకరి పేరు రాస్తే మిగతావాళ్లు "అది మేం కాదులే" అనుకుని పక్కన పెట్టేస్తారు.

జరిగింది ఇది.

మా తమ్ముడి భార్యకు 11 ఏళ్లుగా షుగరు. పొద్దున మాత్ర, రాత్రి ఇన్సులిన్. పూతలపట్టు దోవలో ఒక పల్లెలో ఉంటారు. రెండావులు, కొంచెం మామిడితోట. నాలుగింటికే లేచి పాలు పిండి డైరీకి పోసి, సంకటి కెలికి, అప్పుడు బైబిలు తెరిచే మనిషి. చదువు ఐదో తరగతే. కీర్తనలు మాత్రం చూడకుండా చెబుతుంది. పోయిన ఏడాది మామిడికాయలు కోసే రోజుల్లో వాళ్ల ఊరికి దగ్గర్లో మూడు రాత్రుల స్వస్థత కూటం పెట్టారు. మూడో రాత్రి వేదిక మీదినుంచి, "నిజంగా నమ్మినవాళ్లు మీ మందులు తెచ్చి ఇక్కడ పెట్టండి. ఇంటికి తీసుకుపోతే దేవుణ్ణి నమ్మనట్టే" అని పిలిచారు. ఆమె మాత్రల షీట్లు, ఇన్సులిన్ సీసా గుడ్డసంచిలో వేసుకుని పోయి పెట్టింది. ఇప్పుడిస్తే దేవుడు ఎన్నో రెట్లు తిరిగిస్తాడని అడిగే విత్తనపు కానుకకు చెవికమ్మలు తీసి వేసింది. ఆ కమ్మలు మా అమ్మ చేయించి పెట్టినవి.

నాకు చెప్పలేదు. "వదిన నర్సు కదా, అపనమ్మకం మాటలు చెబుతుంది" అనుకుందట. ఆ మాట ఆమెకు ఎవరు నేర్పారో మీకు తెలుసు.

రెండు నెలలు తిరిగేలోపు కొట్టంలో తుమ్మముల్లు గుచ్చుకుంది. షుగరు ముదిరిన కాలికి స్పర్శ ఉండదు. ముల్లు దిగిందని తెలీలేదు, చీము పట్టిందీ తెలీలేదు. వాసన వచ్చాక మా తమ్ముడు చూశాడు. నాకు ఫోన్ చేసేటప్పటికి బొటనవేలు నల్లబడిపోయింది. ఆస్పత్రికి చేర్చిన నాలుగో రోజు మోకాలి కింద కాలు తీసేశారు. అలాంటి కట్లు నేను కొన్ని వందలు కట్టి ఉంటాను. ఈ కట్టు విప్పేటప్పుడు మాత్రం నా చేతులు ఆడలేదు.

కాలు పోయిందని ఈ ఉత్తరం రాయడం లేదు. ఆ తర్వాత జరిగినదాని కోసం రాస్తున్నాను. ఆమె ఇంటికొచ్చిన వారానికి సంఘంనుంచి నలుగురు చూడ్డానికొచ్చారు. పండ్లు తెచ్చారు, ప్రార్థన చేశారు. లేచి పోతూ ఒకాయన, "విశ్వాసంలో ఎక్కడో లోపం ఉండుంటుందమ్మా, పరీక్షించుకో" అన్నాడు. చెడ్డ మనిషి కాడు. వేదిక మీదినుంచి విన్నదాన్నే గడప దగ్గర అప్పజెప్పాడు.

ఆ రాత్రి ఆమె నన్నడిగింది: "వదినా, యేసయ్యకు నేనంటే ఇష్టం లేదా?"

అప్పటినుంచి బైబిలు తెరవలేదు. తెల్లవారుజామున లేస్తుంది, గోడకు ఆనుకుని ఊరికే కూర్చుంటుంది. "నన్ను వద్దనుకున్నాయన్ని నేనెట్లా పిలిచేది?" అంటుంది. నడవడానికి జైపూర్ కాలు పెట్టించవచ్చు. ఈ మాటకు నా దగ్గర ఏ పరికరమూ లేదు. దీనికి జవాబు మీరే చెప్పాలి అయ్యా.

నేను స్వస్థతను నమ్మని మనిషిని కాను. ఇది ముందే చెప్పకపోతే, "నర్సమ్మకు నమ్మకం లేదు" అని ఉత్తరాన్ని మూసేస్తారు. డాక్టర్లు చేతులెత్తేసిన మనుషులు లేచి నడిచిపోవడం నేను వార్డులో చూశాను. ప్రతి డ్యూటీకి ముందు ప్రార్థించాను, ప్రతి ఇంజెక్షనుకూ లోలోపల ఆయన పేరు తలుచుకున్నాను. యాకోబు పత్రిక 5వ అధ్యాయం చెప్పినట్టు సంఘ పెద్దలు రోగి దగ్గరికొచ్చి నూనె రాసి ప్రార్థన చేయాలని కోరుకునేదాన్నే నేను. అక్కడ ఉన్న మాట మీరూ చూడండి: పెద్దలు రోగి దగ్గరికి పోవాలి. రోగి మాత్రలు మూటగట్టుకుని వేదిక దగ్గరికి రావాలని అక్కడ లేదు.

మందు వేసుకోవడం అవిశ్వాసమని ఏ లేఖనం చెబుతోంది? హిజ్కియా రాజు చావుబతుకుల్లో ఉండి ప్రార్థించాడు. దేవుడు విన్నాడు, 15 ఏళ్ల ఆయుష్షు ఇచ్చాడు. ఆ తర్వాత యెషయా అంజూరపు పండ్ల ముద్ద తెప్పించి పుండుమీద కట్టించాడు. వాగ్దానం ముందే వచ్చింది, కట్టు తర్వాత కట్టారు. రెండూ ఒకే దేవుడి పని. పౌలు తిమోతికి కడుపుజబ్బు కోసం కొంచెం ద్రాక్షారసం పుచ్చుకోమని రాశాడు, నీ విశ్వాసం చాల్లేదని రాయలేదు. త్రోఫిము జబ్బుపడితే మిలేతులో వదిలిపెట్టి వచ్చానని రాశాడు. ఎన్నో అద్భుతాలు చేసిన చేతులవి, అయినా పక్కన నడిచిన తోటి పనివాడు రోగిగానే మిగిలాడు. ఆయన వెంట తిరిగిన లూకా వైద్యుడు. "ప్రియుడైన" అని పిలిచాడే గాని వైద్యం మానేసి రమ్మనలేదు.

ఆసా రాజు మాట మీరు ఎత్తుతారని తెలుసు. కూటాల్లో చాలాసార్లు విన్నాను. పాదాల జబ్బులో యెహోవాను వెదకక వైద్యులను వెదికాడని రెండవ దినవృత్తాంతములు 16వ అధ్యాయంలో ఉంది. అతని తప్పు దేవుణ్ణి వెదకకపోవడం. మా మరదలు 11 ఏళ్లు దేవుణ్ణి వెదుకుతూనే మాత్ర వేసుకుంది. ఆమెను ఆసాతో ఎట్లా కలుపుతారు?

ఇంకొక చోటు నన్ను నిద్రపోనివ్వదు. మత్తయి 4వ అధ్యాయంలో సాతాను యేసును దేవాలయ శిఖరం మీద నిలబెట్టి, కిందికి దూకు, దూతలు పట్టుకుంటారని లేఖనంలో ఉంది కదా అంటాడు. వాడు చూపించింది 91వ కీర్తన. మనం మంచాల పక్కన కూర్చుని చదివే కీర్తన! యేసు దూకలేదు. "ప్రభువైన నీ దేవుని నీవు శోధింపవలదు" అన్నాడు. తండ్రి ప్రేమ మీద అనుమానం ఉండి ఆగాడా? ఆ ప్రేమను దూకి రుజువు చేసుకోవాల్సిన అవసరం ఆయనకు లేదు. ఇన్సులిన్ సీసా వేదిక మీద పెట్టించడం ఆ శిఖరం మీదినుంచి దూకమనడమే. దూకేది మాత్రం పిలిచిన సేవకుడు కాడు, పాలు పోసుకుని బతికే ఆడమనిషి.

మన ప్రాంతానికి ఈ బోధ కొత్తది. మన ప్రాంతంలో సువార్తా, వైద్యమూ ఒకే బండిలో వచ్చాయి. మదనపల్లెలో 19వ శతాబ్దంలో పనిచేసిన జేకబ్ చాంబర్లిన్ మిషనరీ, డాక్టరు కూడా. మందులపెట్టె పట్టుకుని పల్లెలు తిరిగిన ఆయనే తెలుగు బైబిలు సవరణ పనిలోనూ చెయ్యి వేశాడు. అదే మదనపల్లె పక్కన క్షయ రోగుల కోసం మిషన్లు కలిసి కట్టిన ఆస్పత్రికి ఆరోగ్యవరం అని పేరు పెట్టుకున్నారు. వందేళ్లు దాటింది. మన బస్టాండులో ఎక్కితే గంట, గంటన్నరలో దిగే వేలూరులో ఐడా స్కడర్ కథ మీరందరూ ప్రసంగాల్లో చెప్పేదే. తిండివనంలో ఒకే రాత్రి ముగ్గురు ఆడవాళ్లు కాన్పు కష్టమై, మగ డాక్టరును ఇంట్లోకి రానివ్వక, తెల్లవారేసరికి చనిపోయారు. అంతవరకూ ఇండియాలో ఉండనని పట్టుబట్టిన ఆ అమ్మాయి దేవుడు పిలిచాడని తెలుసుకుని పోయి డాక్టరు చదివి, 1900లో తిరిగొచ్చి వేలూరులో ఒక్క మంచంతో మొదలుపెట్టింది. ఆమె విన్న పిలుపు "మందులు పారేయండి" అని వినిపించి ఉంటే ఈ రోజు మన పల్లెల్లో సగం ఇళ్లకు వేలూరు దారి తెలిసి ఉండేది కాదు. మీలో ఎంతమంది అయ్యగార్లు బీపీకి, గుండెకు అక్కడే చూపించుకుంటున్నారో నాకు తెలుసు. చూపించుకోండి, మంచిదే. ఆ మందుల చీటీ సంగతి కూడా ఒక్కసారి పుల్పిట్ మీదినుంచి చెప్పండి.

ఈ బోధవల్ల మామూలు జనానికి ఏమవుతోందో, వార్డులో నిలబడి చూసినదాన్ని కాబట్టి వరసగా రాస్తున్నాను.

1. షుగరు, బీపీ ఉన్నవాళ్లు మాత్ర ఆపితే చాలామందికి వెంటనే ఏమీ కనబడదు. ఒక వారం, పది రోజులు బాగానే ఉంటారు, కొందరికి ఒళ్లు తేలిగ్గా కూడా అనిపిస్తుంది. ఆ వారంలోనే సాక్ష్యం చెప్పిస్తున్నారు. మూడో నెలలో కన్ను మసకబారితే, కిడ్నీ పాడైతే, పక్షవాతం వస్తే ఆ మనిషిని మళ్లీ మైకు దగ్గరికి ఎవరూ పిలవరు. విన్న వందలమందికి మొదటి సగమే తెలుసు. చిన్నతనంలోనే షుగరు వచ్చి ఇన్సులిన్ మీదే బతికే పిల్లలకు ఈ వారం గడువు కూడా ఉండదు. రెండు మూడు రోజుల్లో ఆయాసం, వాంతులు, ఆపైన స్పృహ తప్పడం. అలా వచ్చిన బిడ్డకు రాత్రంతా సెలైను పెట్టి కాపాడుకున్నాం ఒకసారి. ఆ తల్లి మంచం కింద దాక్కుని ఏడ్చింది, బిడ్డకు మందు ఇస్తున్నందుకు దేవుడికి కోపం వస్తుందని.

2. మూర్ఛలు ఉన్నవాళ్లు మాత్ర ఒక్కసారిగా ఆపితే ఫిట్స్ మీద ఫిట్స్ ఆగకుండా రావచ్చు, ప్రాణమే పోవచ్చు. అది చూసి దయ్యం పట్టిందని మళ్లీ కూటానికే తీసుకుపోతారు.

3. టీబీకి ఆరు నెలల కోర్సు. రెండో నెలకే దగ్గు తగ్గి ఆకలి పుడుతుంది. స్వస్థత వచ్చిందని అప్పుడు మానేస్తే క్రిమి మొండికేస్తుంది, తర్వాత మామూలు మందులకు లొంగదు. ఆ ఇంట్లో పిల్లలకూ అదే మొండి జబ్బు అంటుకుంటుంది. ప్రభుత్వం మందులు ఉచితంగా ఇస్తోంది. తిండికి 2024 నవంబరు నుంచి నెలకు 1000 రూపాయలు బ్యాంకులో వేస్తోంది. ఈ మాట కూటంలో ఒక్క నిమిషం చెబితే చాలు.

4. మనసు జబ్బు. దీని మీద ఎక్కువ రాయాలి, ఎందుకంటే దీన్ని మనం పూర్తిగా పాపం ఖాతాలో వేసేశాం. బాలింత దిగులుతో బిడ్డను ఎత్తుకోని తల్లినీ, నిద్ర లేక గొంతులు వినిపించే కుర్రాణ్ణీ, అప్పుల బాధతో మాట పడిపోయిన రైతునూ ఒకే వరసలో నిలబెట్టి తలమీద చేతులు పెడుతున్నాం. ఏలీయా సంగతి మరిచిపోయామా? కర్మెలు మీద అగ్ని దింపిన ప్రవక్త, కొద్దిరోజులకే బదరీచెట్టు కింద పడుకుని ప్రాణం తీసెయ్యమని దేవుణ్ణి అడిగాడు. దేవుడు అతణ్ణి గద్దించలేదు. నిద్రపోనిచ్చాడు. దూతను పంపి నిప్పుల మీద కాల్చిన అప్పమూ, నీళ్లబుడ్డీ తల దగ్గర పెట్టించాడు. తిన్నాక మళ్లీ నిద్రపోనిచ్చాడు. లేపి, నీ శక్తికి మించిన ప్రయాణం ఉంది, ఇంకోసారి తినమన్నాడు. దిగులుపడిన మనిషి పట్ల దేవుని ప్రేమ ఎట్లా ఉంటుందో చూపించడానికి బైబిల్లో ఇంతకంటే మెత్తని చోటు నాకు కనిపించలేదు. మన దగ్గరికొచ్చినవాళ్లకు మనం నిద్ర ఇస్తున్నామా, రాత్రంతా ఉపవాస జాగరణ ఇస్తున్నామా? 14416కి ఫోన్ చేస్తే మనసు బాధలకు ఉచితంగా తెలుగులోనే మాట్లాడతారు. ఆ నంబరు మీరు పంచే వచనాల వాగ్దాన కార్డు వెనక అచ్చేయించడానికి పైసా ఎక్కువ కాదు.

5. డబ్బు. కమ్మలు, గాజులు, ఆవును అమ్మిన సొమ్ము, డ్వాక్రా అప్పు కంతు. "ఎంత విత్తితే అంత కోత" అని పేదరాలి చేతిలోది తీసుకుంటున్నారు. బీద విధవరాలి రెండు కాసుల కథ ప్రతి కానుకల పండగకూ చదువుతాం. మార్కు 12లో ఆ కథకు సరిగ్గా పైనే విధవరాండ్ర ఇళ్లు దిగమింగేవాళ్ల గురించి యేసు అన్న మాట ఉంది. దాన్ని ఎందుకు వదిలేసి చదువుతున్నాం? పన్నెండుమందిని రోగుల దగ్గరికి పంపేటప్పుడు ఆయన చెప్పింది "ఉచితముగా పొందితిరి ఉచితముగా ఇయ్యుడి" అని. స్వస్థత మాట, ఉచితం మాట ఒకే వచనంలో ఉన్నాయి, మత్తయి 10:8.

6. వీటన్నిటి కిందా కనబడకుండా జరిగేది ఒకటుంది. బాగుపడని మనిషి దేవుడికి దూరమైపోతాడు. బాగైతే విశ్వాసం ఉన్నట్టు, కాకపోతే లేనట్టు అని మనం చెప్పినప్పుడు, పక్కమీద పడి ఉన్నవాడికి రెండు బాధలవుతాయి: ఒళ్లు నొప్పి ఒకటి, తండ్రి తనను వద్దనుకున్నాడన్నది ఇంకొకటి. యోబు స్నేహితులు ముగ్గురూ చేసింది ఇదే. ఏడు రోజులు నోరు మెదపకుండా పక్కన కూర్చున్నంతకాలం వాళ్లు మంచివాళ్లే. నోరు తెరిచి "నీలో లోపముంది" అన్నాక చెడిపోయారు. చివర్లో దేవుడి కోపం రగిలింది యోబు మీద కాదు, ఆ ముగ్గురి మీద. పుట్టుగుడ్డివాణ్ణి చూసి ఎవరి పాపమని శిష్యులు అడిగితే "వీడైనను వీని కన్నవారైనను పాపము చేయలేదు" అని యేసు తన నోటితోనే అన్నాడు. ఆయన వద్దన్న ప్రశ్నను మనం ప్రతి మంచం దగ్గరా అడుగుతున్నాం.

నా సొంత సంగతి ఒకటి చెప్పి తర్వాత అడగాల్సింది అడుగుతాను.

మా ఇంటాయనకు రెండు కిడ్నీలూ పోయాయి. రెండున్నరేళ్లు డయాలసిస్. వారానికి రెండుసార్లు, సారికి నాలుగు గంటలు. నైట్ డ్యూటీ దిగి, ఇంటికి పోకుండా ఆయన్ను తీసుకుని మిషను పక్కన స్టూలు మీద కూర్చునేదాన్ని. ఎంత ప్రార్థించానో లెక్కలేదు. ఆయన బాగుపడలేదు. ఒక శుక్రవారం తెల్లవారుజామున పోయాడు.

అప్పుడు మాకు ముసలి అయ్యగారు ఒకరుండేవారు. ఇప్పుడు లేరు. కబురు తెలిసి సైకిలు మీద వచ్చారు. లోపలికొచ్చి ప్రసంగం చేయలేదు. వంటింట్లోకి పోయి, పక్కింటివాళ్లు తెచ్చిపెట్టిన అన్నం గిన్నె తీసి మా పిల్లలిద్దరికీ చారు కలిపి పెట్టారు. భూస్థాపన అయ్యాక పదిహేను రోజుల తర్వాత మళ్లీ వచ్చి కుటుంబ పెన్షను కాగితాలు ముందేసుకుని కూర్చున్నారు. నాకు అక్షరాలు ఆనడం లేదు, ఏడుపు వస్తోంది. ఆయనే ఒక్కొక్క గడీ నింపి, "ఇక్కడ సంతకం పెట్టమ్మా, ఇక్కడ" అని వేలు పెట్టి చూపించారు. కలెక్టరాఫీసుకు రెండుసార్లు తిరిగారు. ఎందుకు బాగుచేయలేదని నేను దేవుణ్ణి అడిగితే వారించలేదు. "అడుగమ్మా, దావీదు అడగలేదా?" అన్నారు.

దేవుడు నన్ను ప్రేమిస్తున్నాడని నాకు గట్టిగా తెలిసింది ఆ పెన్షను కాగితాల దగ్గరే. రోమా 5:8 సండే స్కూల్లో వందసార్లు చెప్పించాను, "మనమింకను పాపులమై యుండగానే క్రీస్తు మనకొరకు చనిపోయెను" అని. అంటే మన విశ్వాసం ఎంతుందో కొలిచే ముందే ఆయన ప్రేమించాడు. కొలత పెట్టి ఇచ్చేది కూలి, ప్రేమ కాదు. ఆ మాట నాకు అర్థమైంది నేను ఏమీ నమ్మలేని స్థితిలో ఉన్నప్పుడు, ఆయన నన్ను వదలలేదని చూసినప్పుడు.

అప్పటినుంచి ఆయన్ను వెదకడమంటే నాకు పెద్ద పనులు కావు. పొద్దున కాఫీ పెట్టుకునే ముందు ఒక కీర్తన. పింఛను డబ్బులో ముందు కానుక, తర్వాత బీపీ మాత్రలు, తర్వాత బియ్యం. మాత్ర అరచేతిలో వేసుకుని, "తండ్రీ, దీన్ని కనిపెట్టిన చేతుల్ని ఆశీర్వదించు" అంటాను. ఒక్కోరోజు ఏమీ తోచదు. ఆ రోజు మూర్ఛరోగి తండ్రి అన్నదే నేనూ అంటాను: "నమ్ముచున్నాను, నాకు అపనమ్మకముండకుండ సహాయము చేయుము." ఆ తండ్రికి యేసు లోపం ఎత్తిచూపలేదు, బిడ్డను లేపి నిలబెట్టాడు. సగం నమ్మకంతో వచ్చినవాణ్ణి ఆయన వెనక్కి పంపలేదంటే మనం ఎవరం పంపడానికి? ఇలాంటి మామూలు రోజుల విశ్వాసం మా పల్లె ఆడవాళ్లకు నేర్పండి. మూడు రాత్రుల కూటం మూడు రాత్రుల్లో అయిపోతుంది. మిగతా 362 రోజులు వాళ్లు కొట్టంలో, పొలంలో, ఆస్పత్రి లైన్లో ఉంటారు. ఆ 362 రోజుల దేవుణ్ణి వాళ్లకు చూపించాల్సిన బాధ్యత మీది.

అందుకని మిమ్మల్ని అడిగేవి ఇవి.

1. ఏ కూటంలోనూ మందులు వేదిక దగ్గర పెట్టమని పిలవకండి. పిలుపుకు ముందు, తర్వాత, "డాక్టరు చెప్పేదాకా ఒక్క మాత్రా మానొద్దు" అని మైకులో స్పష్టంగా చెప్పండి. పోస్టర్లలో, యూట్యూబులో క్యాన్సరు, షుగరు, మూర్ఛలు పోతాయని పేర్లతో ప్రకటించడం ఆపండి. మంత్రతంత్రాలతో జబ్బులు నయం చేస్తామనే ప్రకటనలను ఆపడానికి 1954 నుంచి ఈ దేశంలో చట్టముంది. మిమ్మల్ని చట్టంతో బెదిరించాలని రాయడం లేదు. దేవుని పేరు ఆ ప్రకటనల వరసలో కనబడటం నాకు సిగ్గుగా ఉంది.

2. స్వస్థత సాక్ష్యం చెప్పించే ముందు ఆరు నెలలు ఆగండి. పరీక్ష కాగితం చూడండి. నిజమైన స్వస్థత ఆరు నెలలకు మాసిపోదు. యేసు కుష్ఠురోగిని బాగుచేసి, పోయి యాజకుడికి చూపించుకోమన్నాడు.

3. జబ్బుతో ఉన్నవాళ్ల దగ్గర విత్తనపు కానుక తీసుకోవద్దు. వాళ్లు బాగై, వాళ్ల మనసుకు తోచినప్పుడు ఇస్తే అది కృతజ్ఞత. మా మరదలి కమ్మలు తిరిగివ్వమని అడుగుతున్నాను. బంగారం కోసం కాదు, వాటిని ఆమె దేవుడికి ఇచ్చిన లంచంగా తలుచుకుంటూ కుమిలిపోతోంది.

4. ప్రతి సంఘంలో రోగులను చూడటానికి పోయేవాళ్లకు ఒక పూట శిక్షణ పెట్టండి. ఏం మాట్లాడకూడదో ముందు నేర్పండి. ఇందుకు నేనూ, నాతో రిటైరైన ఇంకో ఇద్దరు నర్సులూ ఉచితంగా వస్తాం. పలమనేరు అయినా, శ్రీకాళహస్తి అయినా బస్సు చార్జీలు మావే.

5. నెలకొక ఆదివారం ఆరాధన అయ్యాక చర్చి వరండాలో బీపీ, షుగరు చూసే బల్ల వేయనివ్వండి. ఎన్టీఆర్ వైద్య సేవ కింద ఏ ఆపరేషను ఎక్కడ ఉచితమో, తిరుపతి రుయా ఆస్పత్రిలో ఓపీ చీటీ ఎట్లా రాయించుకోవాలో చెప్పే మనిషిని ఒకరిని కూర్చోబెట్టండి. ప్రార్థన బల్ల పక్కనే ఈ బల్ల ఉండాలి, దూరంగా కాదు.

6. "విశ్వాసం చాలక బాగుపడలేదు" అన్న మాటను పుల్పిట్ మీదినుంచి వెనక్కి తీసుకోండి. ఒక ఆదివారం ప్రసంగమంతా దీనికే ఇవ్వండి. ఇది విని ఇళ్లలో మూలిగేవాళ్లు మీరనుకునేదానికంటే ఎక్కువమంది ఉన్నారు. వాళ్లు లేచి మిమ్మల్ని అడగరు. చర్చికి రావడం మానేస్తారు, మనం "వెనక్కి జారిపోయారు" అని రాసుకుంటాం.

ఇందులో తప్పుగా రాసింది ఉంటే లేఖనం చూపించి దిద్దండి, దిద్దుకుంటాను. శాపాల మాట మాత్రం మళ్లీ ఎవరికీ చెప్పకండి. సంతకం చేసిన ఆ పద్నాలుగుమందీ మీ గొర్రెలే.

చివరిగా ఒకటి, ఇది మా సంఘం అయ్యగారికి. వచ్చే నెల మొదటి ఆదివారం, ప్రభు బల్ల రోజు, మా మరదలిని చర్చికి తీసుకొస్తున్నాను. రానంది. పదిరోజులు బతిమాలితే, "వెనక బెంచీలో కూర్చుంటా, ఎవరూ నన్ను లేచి నిలబడమనకూడదు" అని ఒప్పుకుంది. చక్రాల కుర్చీ నేను తెస్తాను. మన చర్చి ముందర మూడు మెట్లున్నాయి, వాలుబల్ల లేదు. ఎనిమిదిన్నరకంతా ఇద్దరు యవ్వనస్థులను మెట్ల దగ్గర నిలబెట్టండి. రొట్టె, ద్రాక్షారసం వెనక బెంచీ దాకా మీరే తీసుకొచ్చి ఇవ్వండి అయ్యగారూ. ఆమెను ఏమీ అడగొద్దు.

చిత్తూరునుంచి,
ఒక సంఘ సభ్యురాలు, రిటైర్డ్ స్టాఫ్ నర్సు